బ్యారెన్ దీవి ముందు తోడల్లుళ్ల తగవు

మా పెద్దక్క మొగుడు బనగానపల్లెలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. చిన్నక్క మొగుడు ఉద్యోగమంతా సుత్తీ సంచీ పట్టుకుని రాళ్ల వెంట తిరిగాడు, ఇంట్లో ఆయన పేరే రాళ్లాయన. ఇద్దరూ ఒకరినొకరు అన్నా, తమ్ముడూ అని పిలుచుకుంటారు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటారు. ఏ విషయంలోనూ ఒక్క మాట మీద ఉండరు. అలాంటి ఇద్దరినీ ఒకే ఓడ ఎక్కించిన పాపం నాది.

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం, ఓడలో మాత్రం ఎవరి నోటా కొత్త పేరు వినలేదు) రాత్రి ఎక్కితే తెల్లారేసరికి బ్యారెన్ దీవి దగ్గరికి చేరుస్తారు. ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. ఒడ్డున దిగనివ్వరు, చుట్టూ తిప్పి తెచ్చేస్తారు. మన దేశంలో నిప్పు ఆరని అగ్నిపర్వతం ఇదొక్కటే. వేకువన ఫ్లాస్కు తీసుకుని డెక్కు మీదికి వెళ్లేసరికి తోడల్లుళ్లిద్దరూ అప్పటికే కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. తగవు మొదలైపోయింది.

మాస్టారు: ఇంతేనా తమ్ముడూ? దీనికోసమా రాత్రంతా నిద్ర చెడగొట్టుకునింది? మా యాగంటి కొండలు దీనికంటే నయం కదప్పా.

రాళ్లాయన: నీకు కనపడేది కొండ కాదన్నా, కొండ నెత్తి. నీళ్ల పైన 354 మీటర్లే. నీళ్ల కింద ఇంకో రెండు వేల రెండొందల మీటర్లుంది. మనమిప్పుడు దాని భుజం మీద తేలుతున్నాం.

మాస్టారు: కంటికి కనపడనిదాన్ని లెక్కలో వేసుకోవడం మీ రాళ్లవాళ్లకు అలవాటే. నా లెక్క వేరే. దీని చరిత్ర 1787 మే నెలలో మొదలవుతుంది. కోల్‌బ్రూక్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఓడలో ఈ పక్కగా పోతూ కొండ మీద పొగ చూసి రాసిపెట్టినాడు. రెండేళ్లకు ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వచ్చినాడు. మనం ఓడ ఎక్కిన ఊరికి మొన్నటిదాకా ఆయన పేరే. మూడు నాలుగు టన్నుల రాళ్లు ఎగిరిపడుతున్నాయని రాసినాడు. 1795లో మళ్లీ ఒకసారి. 1803లో హార్స్‌బర్గ్ అనే నావికుడు. ఆ తర్వాత 1991 దాకా నిద్ర. అదీ చరిత్ర. అంతకు ముందుది పురాణం.

రాళ్లాయన: అంటే 1787కు ముందు ఈ కొండ లేదా?

మాస్టారు: ఉండొచ్చు. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను.

రాళ్లాయన: చెప్పింది. నువ్వు చదవలేదంతే. అదిగో, ఓడ పడమటి వైపు తిరుగుతోంది, ఇప్పుడు చూడు.

నిజంగానే అప్పుడు లోపలి భాగం కనపడింది. దూరం నుంచి ఒకటే కొండలా ఉన్నది దగ్గరికొస్తే రెండు. బయట రెండు కిలోమీటర్ల వెడల్పున గుండ్రటి గోడ. ఆ గోడకు పడమర ఒక గండి. గండిలోంచి చూస్తే నడిమధ్యన నల్లటి కొండ, తిరగలి కింద పోగైన పిండి కుప్పలా నున్నగా, మొన తేలి. దాని నెత్తి మీద తెల్లటి ఆవిరి, ఉందా లేదా అన్నంత పల్చగా. గండిలోంచి సముద్రం దాకా గరుకు నల్లరాయి పారి గడ్డకట్టి ఉంది. గాలి మా వైపు తిరిగినప్పుడు దీపావళి మర్నాటి వీధి వాసన వచ్చింది.

రాళ్లాయన: ఆ గోడ తెగిన చోట చారలు చూడు. నల్ల చార లావా. దాని మీద గోధుమరంగు చార బూడిద, చిట్టెపు రాళ్లూ. మళ్లీ నల్లది, మళ్లీ గోధుమ. ఒకసారి పారుతుంది, ఒకసారి చిమ్ముతుంది. పారింది గట్టిగా పట్టుకుంటే, చిమ్మింది దాని మీద పేరుకుంటుంది. ఇలా పొర మీద పొర వేసుకుని పెరిగేదాన్నే స్ట్రాటోవాల్కనో అంటారు, పొరల అగ్నిపర్వతం. అడ్డచారల్ని కోసుకుంటూ అక్కడక్కడా నిలువు గీతలున్నాయి చూశావా? గోడ పగిలినప్పుడు కింది నుంచి తోసుకొచ్చి పగులులోనే గడ్డకట్టిన లావా అది. ఆ చారలన్నీ పేజీలే అన్నా.

మాస్టారు: మా ఇంట్లో పరిచిన నాపరాళ్లకూ పొరలుంటాయి. అంతమాత్రాన అది పుస్తకమా? తేదీ లేని కాగితాన్ని కోర్టు కూడా ఒప్పుకోదు. నీ గోడ మీద తేదీ ఎక్కడుంది?

రాళ్లాయన: గోడ మీద లేదు, సముద్రం అడుగున ఉంది. దీవికి దూరంగా అడుగు బురదలోకి గొట్టం దించి, నిలువుగా ఒక మట్టి కడ్డీ తీశారు. అందులో ఏడు బూడిద పొరలు తేలాయి. ఈ కొండ చిమ్మిన బూడిదే, రసాయనం సరిపోయింది. పై పొరల వయసు బురదలో ఉన్న సన్నటి గుల్లల్లోని కార్బన్ చెబుతుంది. ఇంకా కిందికి పోతే వేరే లెక్కలు కట్టాలి. అన్నిటికంటే అడుగుది సుమారు 70 వేల ఏళ్లనాటిది. నీ కోల్‌బ్రూక్ నిన్న మొన్నటివాడు.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఓడిపోయాడనుకుంటే పొరపాటు. మా పెద్దబావ టీ తాగేటప్పుడు మాట్లాడడు, అంతే.

మాస్టారు: డెబ్బై వేల ఏళ్లలో ఏడు పొరలు. అంటే పదివేల ఏళ్లకొక ముక్క. మా ఊళ్లో కరణం దస్తరం దీనికంటే నయం. మధ్యలో అది ఎన్నిసార్లు పేలిందో నీకు తెలుసా?

రాళ్లాయన: పెద్ద పేలుళ్లే అంత దూరం బూడిద పంపుతాయి. చిన్నవి దీవి మీదే రాలిపోతాయి.

మాస్టారు: అదీ సంగతి. నీ రాయికి పెద్ద కేకలే వినపడతాయి. ఇప్పుడు నా కాగితం చెప్పేది విను. 1803 నవంబరులో హార్స్‌బర్గ్ ఓడ ఇక్కడికి దగ్గరగా పోయింది. పది నిమిషాలకొకసారి పేలుతోందని ఆయన రాసుకున్నాడు. ప్రతిసారీ నల్లటి పొగ నిటారుగా లేస్తోంది. రాత్రయితే నోటి దగ్గర మంట కనిపిస్తోంది. పది నిమిషాలు! నీ బురద కడ్డీ పది నిమిషాల సంగతి చెప్తుందా?

దానికి రాళ్లాయన నవ్వాడు. ఆయన ఓడిపోయినప్పుడే నవ్వుతాడు. కానీ ఆ నవ్వు వెంటే ఒక ముక్క వచ్చింది. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే గుర్తుండిపోయింది అదే.

రాళ్లాయన: చెప్పదు. ఒప్పుకుంటాను. అయితే ఇది విను. 2017 జనవరి 23న గోవా సముద్ర విజ్ఞాన సంస్థవాళ్లు ‘సింధు సంకల్ప్’ అనే ఓడ మీద ఇదే చుట్టుపక్కల బురద నమూనాలు తీస్తున్నారు. ఉన్నట్టుండి కొండ బూడిద చిమ్మింది. దగ్గరికి వెళ్లి చూశారు. ఐదు నుంచి పది నిమిషాల చిన్న చిన్న విడతలుగా చిమ్ముతోంది. పగలంతా బూడిద మేఘమే. పొద్దు గుంకాక నోట్లోంచి ఎర్రటి లావా ఎగజిమ్మి వాలుల మీదుగా జారడం చూశారు.

మాస్టారు: రెండు వందల పదమూడేళ్ల తర్వాత అదే వరస!

రాళ్లాయన: అదే వరస. గొట్టంలో లావా లేస్తుంది, అందులో వాయువు బుడగ కడుతుంది, ఆ బుడగ పైకొచ్చి పగిలినప్పుడు మీదున్న లావాను తునకలుగా విసురుతుంది. ఇంకో బుడగ చేరేదాకా కాస్త ఊపిరి. కుతకుతలాడే సంకటిని చూడు, ఉండుండి ఒక చోట టప్పుమని ఎగురుతుంది కదా, అలాగన్నమాట. ఇటలీలో స్ట్రాంబోలి అనే దీవి పేరు మీద ఈ తీరుకు స్ట్రాంబోలియన్ అని పేరు పెట్టారు. హార్స్‌బర్గ్‌కు ఆ మాట తెలియదు. అయినా చూసింది చూసినట్టు రాశాడు.

మాస్టారు: చూసినావా! ఒక నావికుడి కాగితం లేకపోతే నీకు 2017 మాత్రమే ఉండేది.

రాళ్లాయన: కాగితాన్ని అంత నెత్తికెక్కించుకోకన్నా. నీ బ్లెయిర్ ఈ నడిమి కొండ ఎత్తు దాదాపు 1,800 అడుగులని రాశాడు. తర్వాత కొలిస్తే వెయ్యి అడుగులు తేలింది.

మాస్టారు: మధ్యలో కూలిందేమో.

రాళ్లాయన: కూలి ఉండొచ్చు. లేదా ఓడ మీద నుంచి చూసి తప్పు లెక్క వేసి ఉండొచ్చు. దానికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. భూగర్భ శాస్త్రానికి తాతలాంటివాడు చార్లెస్ లయెల్. ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ’లో ఈ దీవి బొమ్మ వేశాడు. నడిమి కొండ చుట్టూ గుండ్రంగా సముద్రపు నీళ్లున్నాయని రాశాడు. ఆయన ఇక్కడికి రాలేదు, కాగితం చదివి రాశాడు. దిగి చూసినవాళ్లకు ఆ గుంటలో చుక్క నీరు లేదు. అంతా నల్లరాయి, బూడిద. అంతటి పండితుడి పుస్తకంలో లేని సముద్రం వచ్చి కూర్చుంది.

మాస్టారు: ఆ తప్పు దిద్దింది ఎవరు? దిగి చూసి మళ్లీ కాగితం రాసినవాళ్లేగా.

రాళ్లాయన: కాళ్లతో నడిచి చూసి రాసినవాళ్లు.

మాస్టారు: ఒకటి చెప్పు. బ్లెయిర్ ఎత్తు తప్పు రాసినాడు, సరే. వాలు ఎంతని రాసినాడు?

రాళ్లాయన (కొంచెం ఆగి): 32 డిగ్రీల చిల్లర.

మాస్టారు: అదీ తప్పేనా?

రాళ్లాయన: కాదు. చక్కగా సరిపోతుంది. పొడి చిట్టెపు రాళ్లు కుప్పగా పోస్తే 30, 35 డిగ్రీల మధ్యే నిలుస్తాయి. అంతకు మించితే జారిపోతాయి. కళ్లంలో వడ్లు కుప్ప పోసినా దానికో వాలు ఉంటుంది కదా. ఈ కొండా అంతే, ఎవరో చేటతో పోసినట్టు.

ఇక్కడ మా పెద్దబావ జేబులోంచి డైరీ తీసి ‘32’ అని రాసుకోవడం నేను చూశాను. తనకు అనుకూలమైన అంకెలు తప్ప ఆయన మరేవీ రాసుకోడు.

ఇంతలో ఓడ కుర్రాడు సమోసాలు తెచ్చాడు. తెలుగే. తాత శ్రీకాకుళం నుంచి చేపల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అండమాన్లలో ఇలాంటి కుటుంబాలు బోలెడు. ‘ఈరోజు పొగ బాగా రాలేదండి. పొగ రాకపోతే టూరిస్టులు డబ్బులు దండగంతారండి’ అన్నాడు దిగులుగా. 2025 సెప్టెంబరులో కొండ రెండుసార్లు రేగినప్పుడు మాత్రం ఫోన్లు ఆగలేదట. అగ్నిపర్వతం చల్లబడితే దిగులుపడే మనిషిని మొదటిసారి చూశాను.

మాస్టారు: ఇంతకీ ఇక్కడే ఎందుకు? మన వైపు కొండలకు లేని నిప్పు దీనికెందుకు?

రాళ్లాయన: మన దేశం కూర్చున్న భూఫలకం తూర్పున ఈ అండమాన్ల కిందికి దూరుతోంది. దూరేది పొడిగా దూరదు. కోట్ల ఏళ్లు సముద్రం కింద నానిన రాయి, నీళ్లు పట్టుకునే దిగుతుంది. వంద కిలోమీటర్ల లోతుకు పోయేసరికి ఆ వేడికీ ఒత్తిడికీ నీళ్లు వదిలేస్తుంది. ఆ నీరు పైనున్న వేడి రాయిలోకి ఎక్కుతుంది. పొడి బెల్లం మూకుట్లో వేస్తే మాడుతుంది కదా. రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తే? పాకమవుతుంది. పోలిక పూర్తిగా అతకదు కానీ, జరిగేది ఆ తీరునే. నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది తేలికై పైకి వస్తుంది. సుమత్రా కొండలు, ఈ బ్యారెన్, ఉత్తరాన నార్కొండం, బర్మాలో పోపా, అన్నీ ఒకే గొలుసు.

మాస్టారు: నార్కొండం అంటే నరక కుండం. ఆ పేరు అసలు నిప్పు కక్కే ఈ దీవిదేననీ, మ్యాపులు గీసేవాళ్లు తారుమారు చేసినారనీ కొందరి ఊహ.

రాళ్లాయన: ఊహే. కానీ బాగుంది. నార్కొండం ఎప్పుడో చల్లారింది. అంతా అడవి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక హార్న్‌బిల్ పిట్ట ఆ ఒక్క దీవి మీదే బతుకుతుంది.

అని, ప్యాంటు జేబులోంచి ఒక రాయి తీశాడు. తొంభైల్లో సర్వే ఓడ మీద వచ్చినప్పుడు తెచ్చుకున్నదట. ఇన్నాళ్లూ బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంది. నేనూ చేతిలోకి తీసుకున్నాను. చూపుకు అనిపించినంత బరువు లేదు. నిండా సన్న రంధ్రాలు, బుడగలు పోయిన గుర్తులు. నలుపులో తెల్లటి పలుకులు, నువ్వుల చిమ్మిలిలో కొబ్బరి ముక్కల్లా. ఎండకు తిప్పితే అక్కడక్కడా పెసరపప్పు పచ్చన.

రాళ్లాయన: ఆ పచ్చనివి ఆలివిన్. తెల్లవి ఫెల్‌స్పార్, మామూలు ఫెల్‌స్పార్ కాదు. వీటిలో సున్నం పాలు మరీ ఎక్కువ. కరిగిన రాయిలో నీళ్లు బాగా ఉంటేనే అలాంటి పలుకులు కడతాయి. ఇందాక చెప్పిన పాకం కథకు సాక్ష్యం ఇది. ఈ పలుకులు పేలినప్పుడు పుట్టినవి కావు. కింద చీకట్లో తీరిగ్గా పెరిగాయి, ఆ తర్వాత ఒక్క ఊపున పైకొచ్చాయి. ఆ సంగతి నీ హార్స్‌బర్గ్ రాయలేడు.

మాస్టారు రాయిని చాలాసేపు తిప్పాడు. తిరిగి ఇస్తూ మళ్లీ కొక్కెం వేశాడు.

మాస్టారు: రాయి అబద్ధం చెప్పదంటావు. కానీ దాస్తుంది కదా. 1991 మార్చిలో లేచింది, ఆర్నెల్లు పారింది, లావా సముద్రంలోకి దిగింది. 94 చివర మళ్లీ వచ్చింది. 2005లో మళ్లీ. ప్రతిసారీ ఈ ఒక్క గండిలోంచే కదా పారేది? 2005 లావా కింద 1991ది ఎంత పోయింది? మీ పుస్తకం తన పాత పేజీల మీద తానే తారు పూసుకుంటుంది.

రాళ్లాయన: అది నిజం.

మాస్టారు: అసలు ఈ రెండు కిలోమీటర్ల గుంట ఎట్లా వచ్చింది?

రాళ్లాయన: పాత కొండ నెత్తి పోయింది. పెద్దగా పేలి లోపలికి కూలిందా, పక్క జారి సముద్రంలో పడిందా అన్నదాని మీద మాలో మాకే గొడవ.

మాస్టారు: చూడప్పా! పుస్తకంలో నడిమి అధ్యాయం చించుకుని సముద్రంలో పారేసింది. నువ్వు నాది పుక్కిటి పురాణమంటావు.

రాళ్లాయన: పురాణమన్నది నువ్వు. సరే, నీ దస్తరంలోనూ చిరుగులున్నాయి. 1796లో ఇంగ్లీషువాళ్లు అండమాన్లు వదిలి వెళ్లిపోయారు. 1858లో ఖైదీలను తెచ్చేదాకా, దారిన పోయే హార్స్‌బర్గ్ లాంటివాళ్లు తప్ప, ఇక్కడ ఉండి కలం పట్టినవాడే లేడు. 1803 తర్వాత కొండ నిద్రపోయిందా, చూసేవాడు లేడా? 1832లో, 1852లో కనిపించిన పొగ పేలుడో ఉత్త ఆవిరో ఈనాటికీ తేలలేదు.

మాస్టారు: 58 తర్వాత? జనం ఉన్నారు కదా. 1884లో మాలెట్ అని మీ సర్వేవాడే వచ్చి దీవంతా కొలిచినాడు.

రాళ్లాయన: కొలిచాడు. ఒడ్డున ఉన్న వేడినీటి ఊట ముందువాళ్లు రాసినంత వేడిగా లేదని కూడా గమనించాడు. చల్లారిపోతోందని అనుకోవడం తప్పు కాదు. 1891లో ఇక్కడ మేకల్ని కూడా వదిలారు. వందేళ్లకు ఆ మేకల సంతానం మీద నిప్పు పడింది. అందుకే ఎన్నేళ్ల నిద్ర చూసినా కొండకు సంతాపం రాయకూడదు.

మాస్టారు: 2004 డిసెంబరు 26న అంత భూకంపం, సునామీ. ఐదు నెలలకే 2005 మే ఆఖర్న ఇది లేచింది. భూకంపమే లేపింది. ఇదైనా ఒప్పుకుంటావా?

రాళ్లాయన: ఒప్పుకోను. కొట్టిపారేయను కూడా. ఫలకం కదిలితే గొట్టాలు కదలొచ్చు. అయితే 91ని లేపిన భూకంపం ఏది? 94ని లేపింది ఏది? ఒక దాని వెనక ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి తల్లి కాదు. నువ్వు పిల్లలకు ఇదే చెప్పేవాడివి కదన్నా, ఒక రాజు పోయాడు, కరువొచ్చింది, అంటే రాజు పోవడం వల్లే కరువా అని.

మాస్టారు: చెప్పినా. ఎంతమంది విన్నారో!

ఓడ తిరుగు దారి పట్టింది. ఇక తగవు ముగిసిందనుకున్నాను. రాళ్లాయన మాత్రం ఒక ముక్క దాచిపెట్టుకున్నాడు.

రాళ్లాయన: అన్నా, మీ ఊరికి దగ్గర్లో జ్వాలాపురం ఉంది కదా, జుర్రేరు పక్కన?

మాస్టారు: ఉంది. నా శిష్యులున్నారు అక్కడ.

రాళ్లాయన: అక్కడ తెల్లమన్ను తవ్వేవాళ్లు గుర్తుందా?

మాస్టారు: లేకేం? లారీల్లో పోయేది. అంట్లు తోమే పొడిలో కలుపుతారని చెప్పేవాళ్లు.

రాళ్లాయన: అది మన్ను కాదు. బూడిద. ఇందాక చెప్పిన గొలుసులోనే సుమత్రాలో టోబా ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కింద అది పేలితే ఆ బూడిద బంగాళాఖాతం దాటి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మీ జుర్రేరు లోయలో రాలింది. రాలింది కొన్ని అంగుళాలే. వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి పల్లంలో నిలువెత్తు పేరుకుంది. ఆ బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. 2007లో బయటికొచ్చింది ఆ సంగతి. అంటే బూడిద పడకముందూ అక్కడ మనుషులున్నారు, పడ్డాకా ఉన్నారు. నువ్వు ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిన ఊరికి కూతవేటు దూరంలో.

మాస్టారు: ముందే ఎందుకు చెప్పలేదు?

రాళ్లాయన: కాగితం లేదుగా అన్నా!

మా పెద్దబావ కోప్పడతాడనుకున్నాను. ఆయన కమ్మీకి ఆనుకుని దీవి వైపు చూస్తూ, ‘మీ అక్క ఆ పొడితోనే తోమేది. చేతులు మంట పుడుతున్నాయనేది’ అన్నాడు నాతో. ఇంకేం మాట్లాడలేదు.

దీవి వెనక్కి పోతోంది. నడిమి కొండ నెత్తి మీద ఉన్నట్టుండి కాస్త మందంగా ఆవిరి లేచింది, తలపాగా చుట్టినంత. మాస్టారు చప్పున ఎల్ఐసీ డైరీ తీసి గడియారం చూశాడు.

‘ఆరూ పన్నెండు’ అన్నాడు రాస్తూ.

‘గాలి ఎటు నుంచో కూడా వెయ్యన్నా’ అన్నాడు రాళ్లాయన, తన వాచీ విప్పి కమ్మీ మీద పెడుతూ. ‘ఇంకోటి ఎప్పుడొస్తుందో చూద్దాం.’